బీరమ్మకు ఉప్పు మాఫీ

ఎర్రగుట్ట చెరువు జలవిహార కేంద్రం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
వికారాబాదు తాలూకా.

అర్జీదారు: కురుమ దేవప్ప, తండ్రి కీర్తిశేషులు బిచ్చయ్య, ఎర్రగుట్ట నివాసి. సదరు కేంద్రంలో కరెంటు నావ నడిపి ఇటీవలనే బర్తరఫ్ అయినవాడు.

మే నెల, 1959.

విషయం: నా తల్లి బీరమ్మ మీద తమరు విధించిన (విధించినారని ఆమె నమ్ముతున్న) ఉప్పు నిషేధమును రద్దు చేయుట గురించి.

అయ్యా,

పై విషయం చదివి తమరు ఆశ్చర్యపడుదురు. ఉప్పు నిషేధమేమిటి, నేనెప్పుడు విధించితిని అని పక్కనున్న గుమాస్తాను అడుగుదురు. ఆయనకూ తెలియదు. అందుచేత మొత్తం సంగతి మొదటి నుండి మనవి చేసుకొనుచున్నాను. నా ఉద్యోగం తిరిగి ఇప్పించమని ఈ అర్జీలో ఎక్కడా అడగలేదని ముందే విన్నవించుకొనుచున్నాను. నా బర్తరఫ్ న్యాయమే.

1. సదరు నావ ఒకప్పుడు ఒక జాగీర్దారు గారిది. జాగీర్లు పోయిన తర్వాత అది ఆయన బంగ్లా వెనుక గడ్డిలో పడి ఉండగా సర్కారువారు బాగుచేయించి, గూడ్సు బండి మీద వికారాబాదు స్టేషనుకు, అక్కడినుండి ఎడ్లబండి మీద మా చెరువుకు చేర్పించినారు. దానికి పొగ లేదు, చప్పుడు లేదు, తెడ్డు వేసే పని లేదు. బల్లల కింద పెట్టిన బ్యాటరీలలో కరెంటు ఉన్నంతసేపు దానంతటది సాగుతుంది. దీనిని నడుపుటకు చదువు వచ్చినవాడు, ఈత వచ్చినవాడు కావలెనన్నారు. మా వాడలో ఆ రెండూ వచ్చినవాణ్ణి నేనొక్కడినే ఉన్నందున నన్ను పెట్టుకున్నారు. ఉర్దూ బడిలో చదివితిని, తెలుగు తర్వాత సొంతంగా నేర్చుకుంటిని. నాకు ఖాకీ బట్టలు, టోపీ ఇచ్చినారు. ఆ టోపీ పెట్టుకొని నేను పని లేని చోట్లకు కూడా తిరిగిన మాట వాస్తవం. మా అమ్మ దానిని చూసి చూసి మురిసేది.

2. బ్యాటరీల విషయం. హైదరాబాదు నుండి వచ్చిన మెకానిక్కు గారు నాకు పని నేర్పుతూ, ఇందులో తేజాబు, అనగా యాసిడ్, ఉన్నది, చార్జింగ్ పెట్టినకొద్దీ నీళ్లు తగ్గుతాయి, తగ్గినప్పుడు సీసాలలో వచ్చే డిస్టిల్ వాటర్ తప్ప మరేదీ పోయరాదు అని గట్టిగా చెప్పినారు. "బ్యాటరీ నీళ్లు తాగుతుందంటే కరెంటు ఎక్కుతున్నట్టే. తాగకుంటేనే రోగమున్నట్టు" అని కూడా అన్నారు. ఆ మాట నాకు బహు నచ్చినది. గొర్రెలు కాసిన ఇంటివాణ్ణి గనుక నీళ్లు తాగుట, సుస్తి చేయుట అంటే తొందరగా బుర్రకెక్కినది.

ఇంటికి పోయి అమ్మకు కూడా అదే మాటల్లో చెప్పేవాణ్ణి. బ్యాటరీ అంటే ఏమిటో ఆమెకు వేరే విధంగా చెప్పుట నాకు చేతకాలేదు. పొద్దుగూకి ఇంటికి చేరగానే, "ఎట్లున్నయ్ కొడుకా నీయి?" అని అడిగేది.

"ముందలియి మంచిగున్నయమ్మా. గా మూలకున్నదే సుస్తిగుంది. నీళ్లు తాగుతలేదు."

"మ్యాత సరిగ్గ వెడుతున్నవా?"

"పొద్దంత డైనమో వెట్టి మేపుతనే ఉన్న. అయినా దానికి ఎక్కుతలేదు."

నేను నవ్వులాటకు అన్నాను. ఆమె నవ్వలేదు, పాపం అన్నది. జరిగిన దానికంతటికీ ఇదే మూలమని తమరు గమనించవలెను.

3. తమరు గొర్రెలు కాసినవారు కారు గనుక ఈ భాగం కొంచెం వివరంగా రాయవలసి వచ్చినది. గొర్రె నీళ్లు తాగకుంటే దానికి ఉప్పు పెడతారు. ఉప్పు నాకితే దప్పిక పుడుతుంది, నీళ్లు తాగుతుంది, ఆ తర్వాత మేత తింటుంది. మా మందకు ఉప్పు పెట్టేది మా అమ్మ. మా వాడలో ఎవరి గొర్రెకు సుస్తి చేసినా ముందుగా ఆమెనే పిలుస్తారు.

తమరు కుటుంబంతోను అతిథులతోను విహారమునకు వచ్చిన ఆదివారం నాడు, నావను గట్టుకు కట్టి, బల్లలు లేపి, బ్యాటరీల మూతలు తీసి చార్జింగ్ పెట్టి, తమ జీపు వచ్చే బాట మీద గొర్రెల పెంటికలు ఊడ్చుటకు పోయి ఉంటిని. ఆ సమయంలో అమ్మ నాకు సద్ది తెచ్చినది. నేను లేను. నావలోకి తొంగి చూచినది. మూలనున్నదే సుస్తిదని ఆమెకు నేను ముందే చెప్పి ఉంటిని గదా. కొంగు ముడిలో మందకోసం తెచ్చిన ఉప్పు ఉండెను. అందులోనుండి దానికి పెట్టినది. ఒకదానికి పెట్టి మిగతావాటికి పెట్టకుంటే అవి చిన్నబుచ్చుకుంటాయని అన్నిటికీ పెట్టినది. గొర్రెలకైతే అట్లనే పెట్టాలి మరి.

4. నేను తిరిగి వచ్చేసరికి నావ దగ్గర ముక్కు మండిపోయే ఘాటు. అప్పుడే ఆపవలసినది. కానీ జీపు హారను వినపడెను. తేజాబు వాసనే ఇట్లున్నదనుకొని మూతలు బిగించి, బల్లలు దించి, టోపీ సరిచేసుకొని నిలబడితిని. నాకు బ్యాటరీల కన్న టోపీ ఎక్కువైనది.

తర్వాత జరిగినది తమరు స్వయంగా అనుభవించినారు. చెరువు నడుమకు పోయేసరికి నావ మందగించినది. బల్లల సందుల నుండి ఘాటు లేచి అతిథులు దగ్గుట మొదలుపెట్టినారు. తమ ఇంటి అమ్మగారు చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నావ ఆగిపోయినది. కరెంటు నావకు తెడ్డెందుకని తెడ్లను నేనే షెడ్డులో పెట్టి వచ్చితిని. వేరే దారి లేక ఖాకీ బట్టలు విప్పి, తాడు నడుముకు కట్టుకొని, గోచీతో నీళ్లలోకి దూకి, తమరందరు చూస్తుండగా నావను ఒడ్డుకు లాగితిని. పెద్దమనుషుల ఇంటి ఆడవారి ముందు ఆ వేషంలో ఉన్నందుకు సిగ్గుతో చచ్చినంత పనైనది. ఇంతకన్న పెద్ద సిగ్గు ఒడ్డు మీద ఉన్నదని అప్పటికి తెలియదు.

5. ఒడ్డున తాండూరు బండల మెట్ల మీద అమ్మ నిలబడి ఉన్నది. నేను తాడు అందిస్తే తానూ పట్టి లాగినది. తమరు దిగి, దగ్గుతూనే, "బ్యాటరీలకు ఏమైంది?" అని నన్ను అడిగినారు. నేను నోరు తెరిచే లోపలనే ఆమె నాతో అన్నది:

"ఉప్పు సాలలేదేమో కొడుకా. ఇంకో పిడికెడు వెట్టనా?"

"ఏం ఉప్పు?" అని తమరన్నారు.

"నేనే వెట్టిన దొరా. పాపం నీళ్లు తాగుతలెవ్వట." ఆమె నవ్వుతూనే చెప్పినది. మంచి పని చేసినానని ఆమె అనుకుంటున్నది.

అప్పుడు తమరు ఆమెకు వేలు చూపి రెండే మాటలు అన్నారు. "నమక్ హరామ్!" అన్నారు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినవాళ్లను అనే మాట అది. ఉర్దూ బడిలో చదివినవాణ్ణి గనుక నాకు తెలుసు. తమ అతిథులకు తెలుసు. జీపు డ్రైవరుకు కూడా తెలుసు, అతడు తల వంచుకున్నాడు.

అమ్మ రెండు చేతులు జోడించి, "మంచిది దొరా. మీరన్నట్లనే" అన్నది.

తమరు నా వైపు తిరిగి, "సమజ్ హువా?" అని, అనగా అర్థమైందా అని అడిగినారు.

నేను "జీ సాబ్" అన్నాను.

తమరిని నిందించుటకు ఇది రాయలేదు. కళ్లు మండుతూ, అతిథుల ముందు పరువు పోయి, తమరు అన్నారు. నాకు కళ్లు మండలేదు, నేను బయట నీళ్లలో ఉంటిని. అయినా జీ అన్నాను.

6. ఆ పొద్దు ఇంట్లో జొన్న గట్క తింటే చప్పగా ఉన్నది. ఉప్పు మరిచిపోయినవా అని అమ్మను అడిగితిని.

"మర్సుడేంది? దొర హరామన్నడు గద. నువ్వు గూడ ఇన్నవ్."

నమక్ అంటే ఉప్పు అని సంతకు పోయేవాళ్లకు తెలుసు. హరామ్ అంటే ముట్టరానిదని మా ఊరి దుకాణదారు ఖాజామియా తన ఇంట్లో ముట్టని వాటి గురించి చెప్పినప్పుడు ఆమె విన్నది. రెండు మాటలూ వేర్వేరుగా తెలుసు. కలిపి అంటే తిట్టు అవుతుందని తెలియదు. సర్కారు వస్తువును ఉప్పుతో చెడగొట్టినందుకు సర్కారు తనకు ఉప్పు బంద్ చేసిందని అనుకున్నది. ఆమె దృష్టిలో అది తగిన శిక్షే. వాడలో అందరికీ చెప్పుకొనుచున్నది కూడా.

"తప్పు జేసిన, శిక్ష ఏసిండు. కొట్టలే, తిట్టలే. మంచి దొర."

ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు లేచి బయటకు పోవుచున్నాను.

7. ఈ నిషేధమును తప్పించుటకు నేను చేసిన ప్రయత్నాలు. దొర కోపంలో ఏదో అన్నాడు, మరిచిపోయి ఉంటాడు అని చెప్పితిని. "నువ్వు మరుస్తవేమో, సర్కారు మరుస్తదా?" అన్నది. నా భార్య రుక్కమ్మ పెద్దేముల్ పిల్ల, తెలివైనది. పప్పులో ఎవరికీ తెలియకుండా రవ్వంత ఉప్పు కలిపినది. అమ్మ మొదటి ముద్దకే ఉమ్మి, నోరు పుక్కిలించి, ఆ దినమంతా ఏమీ తినలేదు. "దొర సూడకుంటే మాత్రం తినాల్నా?" అని కోడలిని కోప్పడినది. మేము కూడా ఆమె ముందు ఉప్పు తినుటకు సిగ్గుపడి, రుక్కమ్మ పొయ్యి వెనకకు పోయి, నేను గొర్రెల దొడ్లోకి పోయి, అరచేతిలో కలుపుకొని తినుచున్నాము.

మందకు కూడా పెట్టుట లేదు. "నా చేతికి హరామైంది నా మందకెట్ల పెడుదు?" అంటుంది. ఇంకెవరైనా పెడతామన్నా పెట్టనివ్వదు. గొర్రెలు దొడ్డి గోడలు నాకుచున్నవి. నేను దగ్గరకు పోతే నా చేతుల మీది చెమట నాకుచున్నవి.

ఇట్లుండగా ఎండలో మేత దగ్గర అమ్మ కాళ్లు కొంకర్లు పోయి పడిపోయినది. మంచం మీద వేసుకొని వికారాబాదు ఆసుపత్రికి తీసుకొని పోతిమి. డాక్టరు గారు చూసి, ఈ ఎండలకు ఒంట్లో ఉప్పు లేకపోతే ఇంతే, ఉప్పు వేసిన మజ్జిగ తాగించండి, లేకుంటే మనిషి దక్కదు అన్నారు. అమ్మ ఆయనకూ చేతులు జోడించి, "మా దొర పర్మిషన్ ఇస్తె తాగుత సారూ" అన్నది. డాక్టరు గారు నా వంక చూసినారు. నేను కిటికీ వంక చూసితిని.

వచ్చేటప్పుడు ఖాజామియా దుకాణం ముందు మంచం దించమన్నది. లేచి కూర్చొని అడిగినది.

"ఖాజన్నా, ఒకపారి హరామైంది మల్ల ఎప్పుడన్న హలాలైతదా?"

"ఏందమ్మా హరామైంది?"

"ఉప్పు. దొర నాకు నమక్ హరామ్ అన్నడు గద."

ఖాజామియా చేతిలోని తక్కెడ అట్లనే ఆగిపోయినది. నా మొఖం చూసినాడు. చెప్పవద్దని నేను తల అడ్డంగా ఊపితిని. ఆయన తక్కెడ దించి, "దొరనే అడగాలమ్మా. ఆయననే మాఫీ జెయ్యాలె" అన్నాడు. తర్వాత నేను ఉప్పుకోసం పోతే, పొట్లం కట్టి నా చేతికి ఇయ్యకుండా గల్లా మీద పెట్టినాడు.

8. అర్థం చెప్పి ఆమెకు నచ్చచెప్పవచ్చును గదా అని తమరు అడుగుదురు. చెప్పలేను. మా నాయన పోయిన తర్వాత ఆ మంద వెంట తిరిగి నన్ను బడికి పంపినది ఆమెనే. ఉర్దూ నాకు వచ్చినది ఆమె కాళ్ల కష్టం మీద. ఆ ఉర్దూతోనే ఇప్పుడు, అమ్మా, దొర నీకు శిక్ష వేయలేదు, అందరి ముందు నిన్ను ద్రోహి అని తిట్టినాడు అని చెప్పవలెను. చెబితే ఆమె రెండో మాట అడుగుతుంది. మరి నువ్వెందుకు జీ అన్నవు అని అడుగుతుంది. తడి గోచీతో నిలబడి ఉన్నాను, భయమైనది, అలవాటు చొప్పున నోట్లోనుండి వచ్చినది అని రాయవచ్చును. ఇవన్నీ నిజమే, కానీ ఒక్కటి కూడా జవాబు కాదు.

కావున తమరిని కోరుకొనునది:

(అ) "బీరమ్మకు, ఆమె మందకు ఉప్పు మాఫీ చేయడమైనది" అని తెలుగులో ఒక్క పంక్తి రాసి, గుండ్రటి మొహరు వేసి ఇప్పించవలెను. ఆమెకు చదువు రాదు గానీ గుండ్రటి మొహరును గుర్తుపడుతుంది.

(ఆ) వీలైతే, తమ జీపు ఈ వైపు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆపి, ఉప్పు తినుమని తమ నోటితోనే చెప్పవలెను. ఉర్దూలో వద్దు.

(ఇ) ఆ రెండు మాటల అసలు అర్థం ఆమెకు తెలియనివ్వరాదు. ఈ అర్జీని ఎవరూ ఆమెకు చదివి వినిపించకుండా చూడవలెను.

(ఈ) చెడిపోయిన బ్యాటరీలను మూసిన గదిలో మళ్లీ చార్జింగ్ పెట్టించరాదు. ఉప్పు తేజాబులో పడి పుట్టిన ఆ ఘాటు ఊపిరితిత్తులను తింటుందని మెకానిక్కు గారు తర్వాత చెప్పినారు. కొత్తవి వచ్చిన పిదప నా స్థానంలో వచ్చేవాడికి, బ్యాటరీలు నీళ్లు తాగుతున్నవి, సుస్తిగా ఉన్నవి అని ఇంట్లో మాట్లాడకూడదని తాకీదు చేయవలెను. కొంచెం చార్జింగ్ ఎక్కలేదు అంటే చాలును. ఇది నాకు సంబంధం లేని విషయమైనా పని మీద మమకారం చావక రాసితిని.

(ఉ) నాకు ఏ శిక్షయినా వేయవచ్చును.

ఎండలు ముదురుచున్నవి. ఆమె నిన్న కూడా మంద వెంట పోయి నడుమలోనే కూర్చుండిపోయినది. ఆలస్యమైతే మొహరు వేసిన కాగితము వచ్చియు ఉపయోగముండదు. కోపగించక, నవ్వక, దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు, విధేయత కొంచెం ఎక్కువైనవాడు,
కురుమ దేవప్ప (వ్రాలు)

మరొక మనవి: పై అర్జీ ముగించి తప్పులు దిద్దుకొనుటకు బిగ్గరగా చదువుకుంటిని. రాసినది పైకి చదవనిదే నాకు తృప్తి ఉండదు, బడిలో అబ్బిన గుణం. గోడ అవతల అమ్మ గొర్రెపిల్లకు పాలు తాపుచున్న సంగతి నాకు తెలియదు. నేను ముగించిన తర్వాత ఆమె లోపలికి వచ్చి గడప మీద కూర్చున్నది.

"గా మాటకు గదేనా అర్థం?"

అవునంటిని.

"నీకు గప్పుడే సమజైందా?"

అయినదంటిని.

"సమజైనంక జీ అన్నవా?"

నేను అర్జీ కాగితమును మడిచితిని. ఆమె ఏడ్వలేదు, తమరిని ఒక్క మాట అనలేదు. లేచి రుక్కమ్మను ఉప్పు కుండ తెమ్మని, రెండు రాళ్లు నోట్లో వేసుకున్నది. మిగిలిన ఉప్పు తీసుకొని మంద దగ్గరకు పోయి బండ మీద చల్లినది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి నాకినవి. నాకు కళ్లనీళ్లు వచ్చినవి. గండం గడిచినది, ఈ అర్జీ చింపివేయవచ్చును అనుకుంటిని.

మధ్యాహ్నం అమ్మ తానే వడ్డించినది. తన పళ్లెంలో, రుక్కమ్మ పళ్లెంలో ఉప్పు వేసినది. నా పళ్లెంలో వేయలేదు. మరిచినదనుకొని, "అమ్మా, ఉప్పేది?" అంటిని.

"నీ దొరనడుగు" అన్నది.

అందుచేత అర్జీని చింపక పంపుచున్నాను. వేరే కాగితము లేనందున తిరిగి రాయలేదు. ఇందులో బీరమ్మకు అని ఉన్న చోటనెల్లా దేవప్పకు అని చదువుకొని, తగిన ఉత్తర్వు దయచేయించవలెను.